సీసాకు ఊరు అడగండి

షాంపేన్ కొనాలంటే పెద్ద పేరునే నమ్ముకోవాలన్న మాట ఎంతగా పాతుకుపోయిందంటే, అది కేవలం ఒక అభిప్రాయమన్న సంగతే జనం మరిచిపోయారు. ఎయిర్‌పోర్టు డ్యూటీ ఫ్రీలో సేల్స్‌మన్ అదే చెబుతాడు. డాలస్‌లో గృహప్రవేశానికి సీసా పట్టుకెళ్లే మనవాళ్లూ అదే పాటిస్తారు. తెలిసిన లేబుల్ అయితే ఇచ్చినవాడికీ నిశ్చింత, పుచ్చుకున్నవాడికీ నిశ్చింత. వైన్ గురించి నాలుగు పుస్తకాలు తిరగేసినవాళ్లు దీనికి సిద్ధాంతం కూడా తగిలిస్తారు. వాళ్లు చెప్పేది ఇదీ: ఫ్రాన్స్‌లోని షాంపేన్ చలి ప్రాంతం, ఒక ఏడు పండితే ఇంకో ఏడు మంచు కొట్టేస్తుంది. అందుకని పదుల కొద్దీ ఊళ్ల ద్రాక్షనీ పాత ఏళ్ల నిల్వలనీ కలిపి ఏటా ఒకే రుచి నిలబెట్టడమే అక్కడి విద్య. ఆ విద్య 'హౌస్' అని పిలిచే పెద్ద షాంపేన్ కంపెనీలకే అబ్బుతుంది. ఒక్క ఊళ్లో కాసిన్ని హెక్టార్లున్న రైతు తన తోటను తానే సీసాలో పోసి అమ్మితే అది అదృష్టం మీద నడిచే సరుకు. పైగా చవగ్గా దొరుకుతోందంటే లోపం ఎక్కడో ఉండే ఉంటుంది.

ఇందులో చలి మాట నిజం. తక్కిన సిద్ధాంతమంతా అమ్మేవాళ్లు నేర్పిన పాఠం. దాన్ని మనం వల్లె వేస్తున్నాం.

ముందు ద్రాక్ష ఎవరిదో చూద్దాం. షాంపేన్‌లో తోటలు దాదాపు 34 వేల హెక్టార్లు. వాటిలో ఇంచుమించు పదింట తొమ్మిది వంతులు సుమారు 16 వేల మంది రైతుల చేతుల్లో ఉన్నాయి. హౌస్‌ల సొంత భూమి ఆ మిగిలిన పదో వంతు. అమ్మకాల దగ్గరికి వచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. అమ్ముడయ్యే షాంపేన్‌లో నూటికి డెబ్బై సీసాలకు పైగా హౌస్‌ల పేరు మీదే పోతాయి. అంటే గొప్ప లేబుళ్ల వెనకున్న రసంలో ఎక్కువ భాగం రైతు దగ్గర కొన్నదే. మన మిల్లరు పది ఊళ్ల ధాన్యం కొని, ఆడించి, సంచి మీద తన బ్రాండు అచ్చేసుకుంటాడు. అందులో తప్పు లేదు. కానీ ఆ సంచి కొన్నాయన, రైతు ఇంట్లో వండుకునే బియ్యం నాసిరకమని తీర్పు చెబితే ఏమనాలి? చవక రైతు షాంపేన్‌ను చూసి మొహం చిట్లించేవాళ్లు చేస్తున్నది సరిగ్గా అదే.

ఇంకో సంగతి ప్రకటనల్లో కనబడదు. నేలమాళిగలో రెండోసారి పులిసి సిద్ధమై, లేబుల్ ఒక్కటే తక్కువైన సీసాలను ఒకరి దగ్గర ఒకరు కొనుక్కోవడం అక్కడ చట్టానికి లోబడిన వ్యాపారమే. దాన్ని 'సూర్ లాత్' అంటారు. ఎవరో తయారుచేసిన సీసాకు ఇంకెవరి పేరో అంటుతుంది. అందరూ అలా చేస్తారని నేననను. కానీ ఈ వెసులుబాటు ఉన్నచోట 'మా ఇంటి శైలి, మా ఇంటి పనితనం' అని గొంతు పెంచడం కొంచెం ఇబ్బందికరమైన వ్యవహారం.

రైతులు సొంత సీసా పట్టడం ఈ మధ్య పుట్టిన ఫ్యాషన్ అని కూడా అంటుంటారు. చరిత్ర మాత్రం వేరే మాట చెబుతుంది. 1910లో పంట దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. కొందరు వ్యాపారులు లువార్ నుంచీ, దక్షిణాది లాంగ్‌డాక్ నుంచీ చవక వైన్ రైళ్ల మీద తెప్పించి దానికే షాంపేన్ అని పేరు పెట్టారు. 1911 జనవరిలో దామ్రీ, ఓవిల్లే ఊళ్లలో రైతులు తిరగబడ్డారు. ఏప్రిల్‌లో ఆయీ పట్టణంలో వ్యాపారుల భవనాలు తగలబడ్డాయి, సైన్యం దిగింది. దక్షిణాన ఉన్న ఓబ్ జిల్లా రైతుల గొడవ వేరు. తమను షాంపేన్ హద్దుల బయటికి నెట్టారని వాళ్లు త్రువా వీధుల్లో ఊరేగారు. 1927 చట్టం వచ్చేదాకా వాళ్లకు పూర్తి హోదా దక్కలేదు. ఆ తర్వాత 1930ల మాంద్యంలో హౌస్‌లు కొనడం తగ్గించేస్తే, అమ్ముడుపోని ద్రాక్షను ఏం చేయాలో తెలియక చాలా కుటుంబాలు సొంతంగా సీసాలు పట్టడం మొదలుపెట్టాయి. కాబట్టి ఇదేమీ సరదాకి ఎత్తుకున్న పని కాదు. ఇల్లు గడవక పట్టిన దారి.

ఇక అసలు వాదానికి వస్తాను, ఆ 'ఏటా ఒకే రుచి' సంగతికి. ఒకే రుచి నిలబెట్టడం కష్టమైన పనే, ఒప్పుకుంటాను. వసంతంలో వందల పీపాల పుల్లటి తెల్ల వైన్‌ను నోటిలో పోసుకుని, మూడేళ్ల తర్వాత అది ఎలా ఉండబోతుందో ఊహించి కలపడం అందరికీ వచ్చే విద్య కాదు. అయితే కష్టమైన పని చేశారు గనక ఫలితం గొప్పదని తేలదు. ఏటా ఒకేలా ఉండటమన్నది కొనేవాడికి పనికొచ్చే గుణం, అమ్మేవాడికి ఇంకా పనికొచ్చే గుణం. గ్లాసులో ఉన్నదానికి మాత్రం దానివల్ల ఏ మేలూ లేదు. నాసిరకాన్ని కూడా ఏటా ఒకేలా తయారుచేయవచ్చు. బాగా పండిన ఏడాదిని పాత నిల్వలతో కిందికి లాగి సగటు దగ్గర కూర్చోబెట్టడం కూడా ఆ 'స్థిరత్వం'లో భాగమే కదా.

ఈ మాట నాది మాత్రమే కాదు. హౌస్‌లే నోటితో కాకుండా చేతలతో చెబుతున్నాయి. జాకెసోన్ అనే పాత హౌస్ 2000 పంట నుంచి తన మామూలు షాంపేన్‌కు స్థిరమైన పేరు తీసేసి 728 అని నంబరు పెట్టింది. ఆ తర్వాతి ఏడాదిది 729. ఒకే రుచి కోసం ప్రయత్నించం, ఆ ఏడాది ఇవ్వగలిగిన మంచిని పడతాం అన్నది వాళ్ల పద్ధతి. క్రూగ్ తన గ్రాండ్ క్యువే మీద ఎడిషన్ నంబరు వేస్తోంది. 1776లో పుట్టిన లూయీ రోడెరెర్ 2021లో ఏకంగా తన బ్రూట్ ప్రమియేకి స్వస్తి చెప్పి, దాని స్థానంలో 2017 పంట ఆధారంగా కలెక్షన్ 242ను తెచ్చింది. నంబరు ఏటా మారుతుంది, వైన్ కూడా మారుతుంది. స్థిరత్వమే షాంపేన్ ఆత్మ అయితే ఈ ఉద్దండులంతా దాన్ని ఎందుకు వదులుకుంటున్నట్టు? రైతులు ఇంతకాలం వెనక లేబుల్ మీద రాసుకుంటూ వచ్చిన పంట సంవత్సరాన్నే వీళ్లిప్పుడు ముందు లేబుల్ మీద నంబరుగా వేసుకుంటున్నారు. రైతు చేస్తే నిలకడలేమి, హౌస్ చేస్తే దార్శనికత!

పండని ఏళ్ల భయం కూడా పాత కాలంలో ఉన్నంతగా లేదు. 2003, 2018, 2020, 2022 సంవత్సరాల్లో కోత ఆగస్టులోనే మొదలైంది. 2021లో మంచూ తెగులూ కలిసి పంటను పీడించిన మాట నిజమే. దానికీ ఉపాయం ఉంది. పాత వైన్‌ను నిల్వ ఉంచుకునే హక్కు హౌస్‌ల సొత్తేమీ కాదు. రెండు మూడేళ్ల వైన్ కలపని చిన్న రైతు అరుదు. కొందరు ఏటా కొంత తీసి, ఆ ఖాళీలో కొత్తది పోస్తూ ఒకే పీపాలో ఏళ్ల తరబడి నిల్వ నడుపుతారు. అవీజ్‌లో ఆన్సెల్మ్ సెలోస్ 1986 నుంచి అలా నడిపిన నిల్వ జగత్ప్రసిద్ధం. అయితే ఆయన సీసాల ధర ఇప్పుడు వందల యూరోలు పలుకుతోంది కాబట్టి చవక సంగతి మాట్లాడేచోట ఆయన్ను సాక్ష్యానికి పిలవడం న్యాయం కాదు.

ధర దగ్గరికి వద్దాం. అక్కడి నిబంధన ప్రకారం 4,000 కిలోల ద్రాక్ష నుంచి 2,550 లీటర్ల రసమే తీయాలి. మొదటి 2,050 లీటర్లు మేలిమి, తర్వాతి 500 కాస్త మోటు. అంటే సీసాకు ఇంచుమించు కిలో రెండొందల గ్రాముల ద్రాక్ష పడుతుంది. ఈమధ్య కాలంలో కిలో ఆరు యూరోలకు పైగా పలుకుతోంది. కొనేవాడికి సీసాకు ఏడు, ఎనిమిది యూరోలు పండుకే పోతాయి. గాజు, బిరడా, కనీసం పదిహేను నెలలు నేలమాళిగలో ఉంచే ఖర్చు, కూలీ అన్నీ కలుపుకున్నా నలభై, యాభై యూరోల దగ్గరికి చేరాలంటే ఇంకా చాలా దూరం ఉంది. ఆ దూరంలో పంపిణీదారులూ పన్నులూ ఉన్నాయి. ప్రకటనలు కూడా అందులోనే ఉన్నాయి. 2025 నుంచి ఫార్ములా వన్ గెలుపు వేదిక మీద మళ్లీ మోయెట్ సీసాలే చిమ్ముతున్నాయి. ఆ చిమ్మినదాని ఖర్చు ఆకాశంలోంచి రాదు. కొన్ని హౌస్‌లు నిబంధన అడిగినదానికి రెట్టింపు కాలం సీసాలను దాస్తాయి, ఆ ధరలో న్యాయం ఉంది. అన్నిటికీ అది వర్తించదు.

చవక రైతు సీసా చవగ్గా ఉండటానికి కారణం కూడా చాలాసార్లు ఊరి పేరే. అక్కడ 17 ఊళ్లకు గ్రాండ్ క్రూ హోదా ఉంది. ఒకప్పుడు ద్రాక్ష ధరను ఊరికి వేసిన మార్కుల శాతంతో కట్టేవారు. గ్రాండ్ క్రూకి నూరు, దిగువ ఊళ్లకు ఎనభై చిల్లర. ఆ లెక్క ఎత్తేసినా వాసన పోలేదు. మార్కు ఊరు మొత్తానికి వేశారు. ఆ ఊళ్లో ఎండ తగిలే వాలులో ఉన్న తోటకీ, కింద మడుగు పక్కనున్న తోటకీ అదే మార్కు. మార్న్ లోయలో ఎక్కువగా పండే మ్యునియే ద్రాక్ష మోటుదనీ, త్వరగా ముసలిదైపోతుందనీ ఏళ్ల తరబడి చిన్నచూపు చూశారు. అదే మ్యునియే క్రూగ్ గ్రాండ్ క్యువేలో ఉంటే మాత్రం కళ్లు మూసుకుని మెచ్చుకుంటారు. ఓబ్ జిల్లా పినో నువార్‌ది కూడా ఇదే కథ. పల్లెటూరి సరుకని అంటూనే రాన్స్ నగరంలోని హౌస్‌లు లారీలకు లారీలు కొనుక్కుపోతాయి.

ఇక్కడ ఒక గందరగోళాన్ని విడదీయకపోతే నా వాదన నిలవదు. 'చవక షాంపేన్ తాగాం, తలనొప్పి తప్ప ఏమీ మిగల్లేదు' అనేవాళ్లు చాలామంది తాగింది రైతు షాంపేన్ కాదు. సూపర్‌మార్కెట్ కోసం ఏదో ఒక గంభీరమైన ఇంటిపేరు కల్పించి అంటించిన సీసా అది. రెండూ ఒకే ధరకు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. తేడా లేబుల్ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఒక నంబరు ముందు ఆర్‌ఎం అని ఉంటే సొంత ద్రాక్షతో సొంతంగా తయారుచేసిన రైతు. బయటి నుంచి అయిదు శాతానికి మించి కొనకూడదు. ఎన్‌ఎం అంటే కొని తయారుచేసే హౌస్. సీఎం అంటే సహకార సంఘం. ఎంఏ అంటే దుకాణం వాడో మరొకడో తన పేరు పెట్టించుకున్న సీసా. ఆర్‌సీ అని ఇంకోటుంది. పేరు రైతుదే, వైన్ మాత్రం సంఘంలో అందరిదీ కలిపి చేసింది. ఇవేవీ చూడకుండా 'చవకవన్నీ ఒకటే' అని తేల్చేయడం రుచి చూడటం కిందికి రాదు.

అసలు రుచి చూసే తీరులోనే పెద్ద పేర్లకు అనుకూలంగా పాచికలు సర్దిపెట్టి ఉన్నాయి. మంచులో ముంచి నాలుక మొద్దుబారేంత చల్లగా ఇస్తారు. సన్నటి పొడుగు గ్లాసులో పోస్తారు, ముక్కు అందులో పట్టదు. తర్వాత బుడగలను చూపిస్తారు: ఎంత సన్నగా ఉన్నాయో చూడండి, అదే నాణ్యత! రాన్స్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రవేత్త జెరార్ లిజే బెలేర్ ఏళ్ల తరబడి ఈ బుడగల మీదే పనిచేశాడు. ఆయన చూపించినదేమిటంటే, గ్లాసులో బుడగలు ఎక్కువగా పుట్టేది తుడిచిన గుడ్డ వదిలిన నూలుపోగుల దగ్గరా, గాలిలోంచి పడ్డ ధూళి దగ్గరా. మచ్చలేకుండా కడిగిన గ్లాసులో ఎంత గొప్ప షాంపేన్ పోసినా బుడగల వరస లేవదు. హోటళ్ల గ్లాసుల అడుగున లేజర్‌తో గీతలు గీయిస్తున్నది అందుకే. ఎక్కువ కాలం నిలవున్న సీసాలో గ్యాస్ తగ్గి బుడగ సన్నబడే మాట కొంతవరకు నిజం. కానీ మీ ముందున్న గ్లాసులోని తీగల్ని చూసి వైన్‌కు మార్కులు వేస్తే ఆ మార్కులు సగం తుడిచే గుడ్డకే పడతాయి.

నేను రెండు సీసాలు పక్కపక్కన పెట్టి చూసిన సంగతి చెబుతాను. ఒకటి ఎపెర్నేకి పడమర మార్న్ ఒడ్డున ఉన్న చిన్న రైతు దగ్గర 22 యూరోలకు కొన్నది. వెనక లేబుల్ మీద అన్నీ ఉన్నాయి: మ్యునియే 80 శాతం, తక్కినది షార్డొనే. 2019 పంట, దానికి తోడు అంతకుముందు రెండేళ్ల నిల్వ. సీసాలో పులిశాక మిగిలిన మడ్డి తీసిన తేదీ మార్చి 2023. చివర కలిపిన చక్కెర లీటరుకు 4 గ్రాములు. రెండోది దానికి రెట్టింపు ధరకు మించిన పెద్ద హౌస్ బ్రూట్. వెనక లేబుల్ మీద వేడుకల గురించి ఒక వాక్యం, ఇంకేమీ లేదు. మామూలు వైట్ వైన్ గ్లాసుల్లో, పది డిగ్రీల దగ్గర పోశాను.

మొదటి గుక్కలో హౌస్ గెలిచింది. నురగ మెత్తగా విచ్చుకుంది, నిమ్మతొక్క వాసన, తీపి అంచు, ఎక్కడా గరుకు లేదు. రైతుది నురగ పెళుసుగా లేచి కూలిపోయింది, ముక్కుకు బేరిపండు తప్ప ఏమీ అందలేదు. చాలామంది తీర్పు ఇక్కడే రాసేసి గ్లాసు దించేస్తారు. పావుగంట ఆగితే రైతు గ్లాసులో కాల్చిన రొట్టె అంచు వాసన, ఆపిల్ తొక్క వాసన, వాన పడ్డ సుద్దనేల వాసన ఒక్కొక్కటే పైకొచ్చాయి. నోట్లో మధ్యలో కండ ఉంది. చివర్లో పంపరపనస తెల్లపొరలో ఉండే చిరుచేదు. (ఫ్రెంచివాళ్లు దీన్నే వాళ్ల పండ్ల పేర్లతో చెబుతారు. మనం మన పండ్లతో చెబితే పాపమేమీ లేదు.) గంట తర్వాత బుడగలన్నీ పోయాక, గది వేడికి వచ్చాక మళ్లీ చూశాను. రైతుది అప్పుడు కూడా తెల్ల వైన్‌లాగే నిలబడింది, వేపుడు చేపతో తాగదగినదిగా ఉంది. హౌస్‌దానిలో తీపి ఒక పక్కా పులుపు ఒక పక్కా మిగిలాయి, మధ్య ఏమీ లేదు. చలి, నురగ, చక్కెర ఈ మూడూ తీసేస్తే అడుగున ఎంత వైన్ ఉందో తేలుతుంది.

రైతు సీసాకు లోపాలు లేవని కాదు. రుచి గొంతు దిగాక తొందరగా తెగిపోయింది. ఇంకో ఏడాది మడ్డి మీద ఉండి ఉంటే నురగలో ఆ పెళుసుదనం తగ్గేది. పెద్ద వైన్ కాదది, అలా అని ఎవరూ చెప్పలేదు కూడా. 22 యూరోల సీసా 22 యూరోల ప్రశ్నకు జవాబు చెప్పాలి, చెప్పింది. యాభై యూరోల సీసా తనకు వేసిన ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

ఇలా రాస్తే రైతు భక్తులు సంబరపడతారేమో, వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. ఆర్‌ఎం అన్న రెండక్షరాలు యోగ్యతాపత్రం కాదు. పారిస్ నగరం చెత్తను ఎరువు పేరుతో షాంపేన్ తోటల్లో చల్లిన కాలం 1990ల దాకా సాగింది. దాంతో వచ్చిన నీలం ప్లాస్టిక్ ముక్కలు ఆ తర్వాత కూడా మట్టిలో కనబడుతూ వచ్చాయి. ఆ తోటల్లో అధికభాగం రైతులవే. కాపు ఎక్కువ తీసి, రసం పలచబరిచి, తాత పేరు మీద బతికేస్తున్న రైతులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. సహజత్వం పేరుతో కమిలిన ఆపిల్ కంపు కొట్టే వైన్‌ను 'వ్యక్తిత్వం' అని అమ్మేవాళ్లూ తయారయ్యారు. ఈ బెడద రైతులకే ముందు తెలుసు. 1971లో కొందరు కలిసి పెట్టుకున్న క్లబ్ ట్రెజోర్ దానికి సాక్ష్యం. సభ్యుడు తన వైన్‌ను స్పెషల్ క్లబ్ సీసాలో పట్టాలంటే పులిసిన తొలి దశలో ఒకసారి, సీసాలో సిద్ధమయ్యాక మరోసారి లేబుల్ లేకుండా తోటివాళ్ల నాలుక ముందు నెగ్గాలి. పెద్ద పేర్లను మెచ్చుకునేవాళ్లు ఇలాంటి పరీక్షను ఆ పేర్లకు ఎప్పుడు పెట్టారో చెబితే వింటాను.

ఒక్క అభ్యంతరం మాత్రం ఒప్పుకోక తప్పదు, అది కూడా మన వైపు నుంచి వచ్చేది. హైదరాబాద్‌లో, విజయవాడలో ఉన్నవాడికి 'చవక' అన్న మాటకు అర్థం లేదు. దిగుమతి వైన్ మీద ఏళ్ల తరబడి 150 శాతం సుంకం, ఆపైన రాష్ట్ర ఎక్సైజు, ప్రతి లేబుల్‌నూ విడిగా నమోదు చేయించే రుసుము. వేల పెట్టెలు అమ్మేవాడికే ఆ రుసుము గిట్టుబాటవుతుంది. ఏడాదికి మూడు వందల సీసాలు పంపగలిగిన రైతు లేబుల్‌ను ఏ దిగుమతిదారు నమోదు చేయిస్తాడు? కాబట్టి ఇక్కడి దుకాణాల్లో పెద్ద పేర్లే కనబడటం పన్నుల మహిమ. దాన్ని రుచి తీర్పుగా చదువుకోవడం తప్పు.

బయట ఉన్న మనవాళ్లకు ఆ సాకు లేదు. లండన్‌లోనో న్యూజెర్సీలోనో దుకాణానికి వెళ్లినప్పుడు ముందు ఆర్‌ఎం అన్న ఆ రెండక్షరాలు వెతకండి, తర్వాత సీసా వెనక్కి తిప్పి మడ్డి తీసిన తేదీ, పంట ఏడాది, చక్కెర గ్రాములు చూడండి. లేకపోతే దుకాణం వాణ్ని అడగండి. అడిగినప్పుడు అతను ఏదో పెద్ద హౌస్ పసుపు లేబుల్ వైపు చెయ్యి చూపిస్తే పక్క వీధిలో ఇంకో దుకాణం ఉంటుంది.